గొణుగుడు పిట్ట ఉండని చోటు

మా ఆయనకి ఇద్దరంటే ప్రాణం. మొదటిది గొణుగుడు పిట్ట. రెండోది ఎవరో నేనింతవరకూ అడగలేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని.

ఈ పిట్ట సంగతి ముందే చెప్పేస్తాను. మా కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదట. పిడికిలంత ఉంటుంది, ఎండుటాకు రంగు, అందం చందం ఏమీ లేదు. పాట కూడా రాదు. పొదల కింద ఆకులు తిరగేసుకుంటూ తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉంటుంది, అచ్చం పొద్దున్నే కళ్లజోడు కనబడక వెతుక్కునే మనిషిలా. మా ఆయన అటవీ శాఖలో సర్వే పని చేసినన్నాళ్లూ ఈ పిట్ట ఎక్కడెక్కడ కనబడిందో గుర్తుపెట్టడమే ఉద్యోగం. రిటైరయ్యాక కూడా అదే పని. తేడా అల్లా ఇప్పుడు జీతం లేదు, మోకాళ్లు లేవు. నాది మందుల షాపు కాబట్టి ఆ మోకాళ్లకి కావలసిన నూనెలూ పట్టీలూ అన్నీ ఇంటికి వస్తాయి. వాడటానికి మాత్రం ఆయనకి నామోషీ.

ఇలా ఉండగా మా అక్క కూతురు వచ్చి మా ఇంట్లో దిగింది. ఇదే పిట్ట మీద పరిశోధన చేస్తోంది. డాక్టరేట్ ఇంకా చేతికి రాలేదు గానీ ఇప్పట్నుంచే అలవాటవుతుందని నేను దాన్ని డాక్టరమ్మా అని పిలుస్తాను. నా షాపుకొచ్చే వాళ్లు ఆ మాట విని దానికి నడుం నొప్పులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అది పాపం మర్యాదకి వింటుంది కూడా.

వచ్చిన మొదటి రోజే మా భోజనాల బల్ల దాని లాప్‌టాప్ పాలైంది. పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం.

"నువ్వసలు రోజంతా దాంట్లో ఏం చేస్తావే?" అని ఒకనాడు అడిగాను.

"బాబాయి వాళ్లు పిట్టని చూసిన చోట్లన్నీ కంప్యూటర్‌కి ఇస్తాను పిన్నీ. ఆ చోట్లలో వానెంత, ఎండెంత, ఎత్తెంత, ఏటవాలు ఎంత, చెట్ల నీడెంత, అవి కూడా ఇస్తాను. వాటిని బట్టి పిట్టకి ఎలాంటి చోటు నచ్చుతుందో అది పట్టేస్తుంది. ఆ తర్వాత మనుషులెవరూ వెళ్లని చోట కూడా పిట్ట ఉండొచ్చో లేదో చెబుతుంది. ఉండే చోట ఎరుపు, ఉండని చోట తెలుపు."

"ఓస్, ఇంతేనా? నేనూ చెబుతాను. ఎవరు ఏ మందు కొంటున్నారో చూసి వాళ్లకి ఏం జబ్బో చెప్పేస్తాను."

"చెప్పినవన్నీ నిజమవుతాయా?"

నేను మాట మార్చాను. ఎందుకంటే రొట్టెల కొట్టాయన వారం వారం దగ్గుమందు కొంటుంటే, అయ్యో ఈయన ఊపిరితిత్తులు పోయినట్టున్నాయే అని చాలాకాలం జాలిపడ్డాను. తీరా చూస్తే ఆ మందు వాళ్ల అత్తగారికి.

మా ఆయన మాత్రం ఆ రోజుల్లో నేల మీద నడవలేదు. కంప్యూటర్‌కి ఇచ్చిన పాయింట్లలో ముప్పాతిక వంతు ఆయనవే. డాక్టరమ్మ వెనకే నిలబడి, "ఇది నాదే. ఇదీ నాదే. ఆ రోజు భలే చలి" అంటూ ఒక్కో చుక్కకీ ఒక్కో కథ చెప్పేవారు. సర్వీసులో ఉండగా ఆయన పంపిన కాగితాలని పైవాళ్లు చదివారో లేదో కూడా తెలియదు. ఇన్నాళ్లకి తన పని ఒక పనికి వస్తోందని ఆయనకి సంబరం. పైకి చెప్పకపోయినా ఆ సంబరం నాకు తెలుస్తూనే ఉంది, అన్నం రెండోసారి వడ్డించుకుంటున్నారు.

మ్యాపు తయారైన రోజు ఆదివారం. డాక్టరమ్మ లాప్‌టాప్ మా వైపు తిప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, బాగా ముందుకి వంగారు. మా పెళ్లి ఫోటో కూడా అంత శ్రద్ధగా చూసి ఎరగరు.

కొండలన్నీ తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి మరకలు.

"నాకొక్కటే అర్థం కావట్లేదు" అంది డాక్టరమ్మ, పెన్ను కొరుక్కుంటూ. "దీని ప్రకారం పిట్టకి ఏటవాలంటే అస్సలు పడదు. నేల చదునుగా ఉండాలి. పెద్ద వానా పడదు. అన్నిటికంటే ముఖ్యం ఈ ఏటవాలే అంటోంది. రెక్కలున్న దానికి ఏటవాలుతో పనేమిటి?"

నేను మ్యాపు వైపు పరీక్షగా చూశాను.

"ఈ పెద్ద మరక ఎక్కడిదే?"

"పాత గెస్ట్‌హౌస్ వెనకాల."

"వరండాలో పడక కుర్చీ ఉంటుంది, అక్కడేనా?"

"అక్కడే."

"మరి ఇది?"

"వంతెన దగ్గర."

"అక్కడ కూర్చోవడానికి రాతి గట్టు ఉంది. ఈ మలుపు దగ్గర సిమెంటు బెంచీ ఉంది. ఇది రొట్టెల కొట్టు వెనక సందు కదూ?"

డాక్టరమ్మ పెన్ను నోట్లోంచి తీసి నా వంక చూసింది.

"చదును నేల, తల తడవని చోటు, నడుం వాల్చడానికి ఆసరా, పిలిస్తే పలికే దూరంలో టీ" అన్నాను. "ఓసి పిచ్చిదానా, ఇది పిట్ట మ్యాపు కాదే. మీ బాబాయి మ్యాపు!"

ఇక చూడాలి మా నవ్వులు. డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. నాకైతే పొట్ట పట్టుకున్నా ఆగలేదు. ఆయన కూడా నవ్వారు. కాకపోతే కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి మాకంటే ముందే ఆపేశారు.

"అయితే నా పాయింట్లన్నీ దండగేనా?" అన్నారు.

"దండగ కాదు బాబాయ్. నువ్వు చూసిన చోట పిట్ట ఉంది, అది నిజం. కానీ నువ్వెళ్లని చోట పిట్ట లేదో, నువ్వు లేవో దీనికెలా తెలుస్తుంది? దానికి రెండూ ఒకటే."

"నీ పరిశోధన చూసే మేడం ఏమంటుంది?"

"ఒకే చోట ఇన్నున్నాయి కదా, రొట్టెల కొట్టు దగ్గరవి చాలావరకు తీసేయమంటుంది."

దానికి మెల్లగా చెప్పడం రాదు, అచ్చు మా అక్క పోలిక. "తీసేయమంటుంది" అని ఆయన ఆ మాటే తిరిగి అన్నారు, ఎవరితోనూ కాకుండా.

అక్కడితోనైనా నేను ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకుంటేనా! "పోనీలెండి, మీకిష్టమైన చోట్లన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కాయి. రేపెప్పుడైనా మీరు తప్పిపోతే వెతకడం తేలిక" అన్నాను.

భోజనాలయ్యాక ఆయన మళ్లీ ఆ మ్యాపు ముందు కూర్చున్నారు. "అన్నిటికంటే తెల్లగా ఉన్నది ఎక్కడమ్మా?" అని అడిగారు.

"పడమటి వాలు. అక్కడ ఒక్క పాయింటూ లేదు. జీపు పోదు, వాన ఆగదు. ఎవరూ వెళ్లలేదు."

"ఊఁ" అన్నారు. ఆ ఊఁ నేను చెవిన పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చేసరికి ఆయన లేరు. భోజనం వేళకి ఇంట్లో లేకపోవడమన్నది మా ఆయన చరిత్రలో లేదు. ఫోను ఛార్జింగ్‌లో ఉంది. గొడుగు తలుపు వెనకే ఉంది. బైనాక్యులర్స్ మాత్రం కొక్కేనికి లేవు. అలమరా తలుపు బార్లా తెరిచి ఉంటే విసుక్కుంటూ మూశాను. బయట వాన మొదలైంది. కూర గిన్నె మీద మూత తీసి పెట్టాను, మళ్లీ వేశాను. ఎంతకీ రాలేదు.

"పిన్నీ, మ్యాపుందిగా" అంది డాక్టరమ్మ. నవ్వించడానికే అంది గానీ దాని ముఖంలో నవ్వు లేదు.

జీపు డ్రైవరు నా దగ్గర బీపీ మాత్రలు కొనే మనిషి, పిలవగానే వచ్చాడు. ఎరుపు మరకలన్నీ వరసగా తిరిగాం. రొట్టెల కొట్టాయన, "పొద్దున్నించీ రాలేదండీ, టీ కూడా రెండుసార్లు వేడి చేశాను" అన్నాడు. వంతెన గట్టు మీద వాన నీళ్లు తప్ప ఎవరూ లేరు. గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ పడక కుర్చీలో తనే పడుకుని ఉన్నాడు. మలుపు దగ్గర సిమెంటు బెంచీ కూడా ఖాళీ.

ఆ బెంచీ చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఉండాల్సిన నాలుగు చోట్లా లేని మనిషిని ఇంకెక్కడ వెతకను? అప్పుడు గుర్తొచ్చింది, తెరిచి ఉన్న ఆ అలమరా. పై అరలో మోకాలి పట్టీ ఉండాలి. లేదు. నేను తలుపు మూసేటప్పుడు అక్కడ ఖాళీగా ఉంది. ఎన్నాళ్లు బతిమాలినా తొడుక్కోని పట్టీ తనంతట తనే తొడుక్కుని వెళ్లారంటే, వెళ్లింది కూర్చోవడానికి కాదు.

"ఎర్రగా ఉన్న చోట ఇవాళ ఉండరే" అన్నాను. "తెల్లగా ఉన్నదేదో అక్కడికి పోనివ్వమను."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "పడమటి వాలా? ఆ మోకాళ్లతోనా? నావల్లే పిన్నీ, నేను అలా అనకుండా ఉండాల్సింది."

"నీ వల్లో నా వల్లో తర్వాత పంచుకుందాం. ముందు జీపెక్కు."

బస్సు ఆఖరి స్టాపులో ఉన్న కూరగాయలామె చెప్పింది, మెడలో దుర్భిణీ వేసుకున్న పెద్దాయన పొద్దున్నే దిగి పైకి వెళ్లాడని, కిందికి రావడం చూడలేదని. అక్కడ రోడ్డు అయిపోయింది. కాలిబాట అన్నది పేరుకే, రాళ్లూ బురదా తప్ప ఏమీ లేదు. డ్రైవరు చెయ్యి అందిస్తూ ముందు నడిచాడు. నేను షాపు చెప్పులతోనే ఎక్కాను. ఎక్కుతూ తిట్టాను. పిట్టని తిట్టాను, అటవీ శాఖని తిట్టాను, కంప్యూటర్ కనిపెట్టిన వాణ్ణి తిట్టాను. తిట్టడం ఆపితే ఏడుపొస్తుందని తెలుసు, అందుకని ఆపలేదు.

"ఏమండీ!" అని అరిచాను. నా గొంతు మామూలుగా మూడు వీధులకి వినబడుతుంది. ఇక్కడ మాత్రం నాకే వినబడలేదు. ఎటు చూసినా నీళ్లు దూకుతున్న హోరు. మాట నోరు దాటగానే మాయమైపోతోంది. ఆ మనిషి ఎక్కడో పడి ఉండి పిలుస్తున్నా నాకు వినబడదు కదా అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు.

ఒక పెద్ద బండ చాటుకి వచ్చేసరికి హోరు కాస్త తగ్గింది. డాక్టరమ్మ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ష్... పిన్నీ, గొణుగుడు! వినబడుతోందా? పడమటి వాలులో!" కంగారులో కూడా దాని కళ్లు మెరిసిపోయాయి. రికార్డు చెయ్యడానికి ఫోను తీసింది.

నేను చెవి పెట్టి విన్నాను.

"అది లోపల పెట్టు. దీన్ని నేను రోజూ వింటాను" అన్నాను.

బండకి అవతలి పక్క, కాలు బార్లా చాపుకుని, నిలువునా తడిసిపోయి, ఉబ్బిన మోకాలికి వరసగా చీవాట్లు పెడుతూ కూర్చుని ఉన్నారు మా ఆయన.

ఆయన్ని చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అది బయటికొచ్చేసరికి మామూలుగానే తిట్టయింది. "బుద్ధుందా మీకసలు? ఫోను లేదు, గొడుగు లేదు! కాలు జారి లోయలో పడుంటే ఎవరు చూసేవారు? ఆ కాలు ఏమైంది?"

"అరవకు. కాలికేం కాలేదు, మడతపడింది. లేవబోతే లేవనంటోంది." అంత వానలోనూ ఆయన గొంతులో గొప్ప పెద్దరికం. డాక్టరమ్మ వైపు తిరిగారు. "పొద్దున్నించీ కూర్చున్నానమ్మా. లేదు."

"ఏం లేదు బాబాయ్?"

"పిట్ట. ఇక్కడ లేదు. రాసుకో."

డాక్టరమ్మ బురదలోనే ఆయన పక్కన కూలబడింది.

"చెవికి వినబడకపోతే లేదని నేననను" అన్నారాయన. "కింద ఆకులు చూశాను. పిట్ట తిరిగే చోట ఆకులన్నీ తిరగేసి ఉంటాయి, తడి వైపు పైకి. ఇక్కడ పడ్డ ఆకు పడ్డట్టే ఉంది. ఈ చివర్నించి ఆ చివర దాకా చూశాను, ఆ తర్వాతే ఈ కాలు మడతపడింది. ఇంకో మాట. వాన, ఎత్తు, నీడ అన్నీ లెక్కేశావు. ఈ హోరు లెక్కేశావా? అది గొణుక్కునే పిట్ట. దాని జత ఆ గొణుగుడు వినే దగ్గరికి రావాలి. ఈ నీళ్ల చప్పుడులో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? మెల్లగా మాట్లాడేది ఇంత గోలలో కాపురం పెట్టదమ్మా."

"హోరు..." అంది డాక్టరమ్మ. "నీళ్ల చప్పుడు. నేను అసలు ఆలోచించలేదు బాబాయ్."

నేను షాపు సంచీలోంచి క్రేప్ బ్యాండేజీ తీసి ఆయన మోకాలికి కడుతున్నాను. నోరు ఊరుకోదని చెప్పానుగా. "అంటే గోల ఉన్న చోట గొణిగేవాళ్లు ఉండలేరన్నమాట. మరి నాతో ఇన్నేళ్లు ఎలా ఉన్నారో?" అన్నాను.

"హోరు కూడా లెక్కేస్తే మ్యాపు ప్రకారం నేనా ఇంట్లో ఉండకూడదు" అన్నారు. "ఉన్నానుగా."

కట్టు కట్టడం అయిపోయినా నేను తల ఎత్తలేదు. ఆ ముడే ఇంకోసారి వేశాను.

డాక్టరమ్మ ఫోన్లో ఏదో కొడుతోంది, తెర మీద వాన పడుతుంటే చున్నీతో తుడుచుకుంటూ. "బాబాయ్, నీకో సంగతి చెప్పనా? నా దగ్గర 'ఉంది'లు బోలెడున్నాయి. 'లేదు' ఒక్కటీ లేదు. ఎవరూ రాయలేదు. కనబడకపోతే ఖాళీ చేతులతో ఇంటికెళ్లిపోయారు అందరూ. ఇది మొదటిది."

"కనబడలేదని రాస్తే పైవాళ్లు పని చెయ్యలేదనుకునేవారమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "అలాంటి రోజులు నాకు చాలా ఉన్నాయి. అవన్నీ వృథా అనుకున్నాను."

"ఇది మాత్రం తీసెయ్యను. మేడం చెప్పినా తీసెయ్యను" అంది అది, ముక్కు చీదుకుంటూ.

డ్రైవరు ఒక పక్కా నేనొక పక్కా పట్టుకుని లేపితే ఆయన లేచి, ఒకసారి వెనక్కి తిరిగి ఆ వాలంతా చూసుకున్నారు. ఎర్రటి మరకల్ని కూడా ఆయన అంత ముద్దుగా చూడలేదు. కిందికి దిగుతున్నంతసేపూ నేను తిడుతూనే ఉన్నాను, ఆయన సరే సరే అంటూనే ఉన్నారు. అలా మేం మళ్లీ మామూలు మనుషులమయ్యాం.

మోకాలి వాపు తగ్గడానికి కొంతకాలం పట్టింది. ఈలోగా డాక్టరమ్మ వాగులు ఎక్కడెంత హోరెత్తుతాయో లెక్కలు వేసి, కొత్త మ్యాపు గీసింది. మరకలు చాలా కదిలాయి. ఎక్కడెక్కడో నీళ్ల చప్పుడు చేరని పల్లపు చోట్లు, మనిషి అడుగు పెట్టనివి, లేత ఎరుపెక్కాయి. గెస్ట్‌హౌస్ మరక చిన్నదైంది, సిమెంటు బెంచీ దగ్గరది దాదాపు పోయింది. రొట్టెల కొట్టు సందు మాత్రం ఎర్రగానే మిగిలింది. చుక్కలు సగానికి సగం తీసేసినా అక్కడ పిట్ట నిజంగానే ఉందట. ఆ సంగతి మా ఆయన స్వయంగా వెళ్లి కొట్టాయనకి చెప్పి వచ్చారు, టీ కూడా తాగారు.

ఇప్పుడాయన వారం వారం ఏదో ఒక తెల్లటి చోటికి బయల్దేరుతున్నారు. పట్టీ తొడుక్కుంటున్నారు, నేను చెప్పకుండానే. తిరిగొచ్చి గుమ్మంలో నుంచే "లేదు!" అని గెలిచినవాడిలా కేకేస్తారు. పక్కింటావిడ ఒకరోజు, "పాపం, మీ ఆయన ఉద్యోగం కోసం తిరుగుతున్నారా, ఎక్కడికెళ్లినా లేదంటున్నట్టున్నారు" అని నన్ను ఓదార్చింది.

వాళ్లకి బాగానే ఉంది. నా గతి ఆలోచించండి. ఇదివరకు ఆయన ఆలస్యం చేస్తే నాలుగు చోట్లు చూస్తే చాలు, ఎక్కడో ఒకచోట దొరికేవారు. ఇప్పుడు కొండలన్నీ వెతుక్కోవాలి. డాక్టరమ్మ పిట్టకి మంచి మ్యాపు గీసింది గానీ ఇన్నేళ్లూ నా బుర్రలో ఉన్న మ్యాపుని పనికిరాకుండా చేసింది. భోజనం వేళ దాటితే నాకు ముద్ద దిగడం లేదు, ఆ హోరే చెవుల్లో వినబడుతోంది.

అందుకని ఆదివారాలు షాపు మూసి నేనూ వెళ్తున్నాను. నాకు పిట్ట మీద ప్రేమ పుట్టిందని ఆయన అనుకుంటున్నారు, అనుకోనీ. పోయినసారి ఒక బండ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మాట్లాడకూడదన్నారు. నేను మాట్లాడలేదు, డాక్టరమ్మకి చెబితే నమ్మలేదు గానీ నిజం. వాన లేదు, వాగు లేదు, గాలి కూడా లేదు. ఇంత నిశ్శబ్దంలో ఈయన గొణుగుడు ఎంత స్పష్టంగా వినబడుతుందో అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ నన్నే తిట్టుకుంటున్నారనుకున్నాను. తీరా వింటే, కూర బాగుందనీ, రేపు గొడుగు బాగుచేయించాలనీ, దీనికి చెప్పులు కొనాలి, షాపు చెప్పులతో కొండెక్కుతుందనీ, ఏవేవో.

చాలాసేపటికి నా వైపు వంగి, "ఏమైనా వినబడిందా?" అని అడిగారు.

"లేదు" అన్నాను.

"అయితే రాసుకో" అన్నారు.

రాశాను. డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో 'చూసినవాళ్లు' అన్న చోట 'ఇద్దరం' అని రాశాను.